యాసిడ్ తిన్న గీత

హైదరాబాదు కృష్ణానగర్‌లో అచ్చుబొమ్మలకు కొదవ లేదు. ఏ సందు తిరిగినా సినిమా పోస్టరే. బస్సులో పోయేవాడి కంట పడటమే దాని పని. ఎచింగ్ కూడా అచ్చుబొమ్మే, కానీ దాన్ని జానెడు దూరం నుంచి చూడాలి. ఎలా తయారైందో తెలిసినవాళ్లకు అందులో మరింత కనబడుతుంది.

జింకు రేకుకో రాగి రేకుకో మైనం, తారు కలిసిన పూత పూస్తారు. దాని మీద సూదితో బొమ్మ గీస్తారు. సూది పూతనే గీకుతుంది. లోహాన్ని కొరికేది యాసిడ్. అందులో రేకును ఎక్కువసేపు ఉంచితే గీత లోతుగా దిగి చిక్కటి నలుపు వస్తుంది, త్వరగా తీస్తే వెంట్రుకలా సన్నబడుతుంది. ఆపైన పూత కడిగి, సిరా పట్టించి, పైపైన తుడుస్తారు. గాట్లలో మిగిలిన సిరాను ప్రెస్‌లో నలిగే తడి కాగితం పీల్చుకుంటుంది. బొమ్మ కుడిఎడమలు తారుమారై వస్తుంది. నీడలు కావాలంటే ఆక్వాటింట్ చేస్తారు: రేకు మీద రోజిన్ పొడి చల్లి, వేడిచేసి అంటించి, యాసిడ్‌లో వేస్తారు. రేణువుల సందుల్లో ఏర్పడిన గరుకే కాగితం మీద బూడిదరంగు ఛాయ.

ఈ పద్ధతిని మన పల్లెకు తెచ్చినవారు కె. లక్ష్మాగౌడ్. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాదులో చిత్రకళ చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఎచింగుల్లో ఆడా మగా, మేకలూ చెట్లూ ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. కోరికకు దాపరికం లేదు. మేక బొచ్చునూ చెట్టు బెరడునూ మనిషి చర్మాన్నీ ఒకే సూదిమొన విడివిడిగా పలికిస్తుంది. ఆయనలాగే హైదరాబాదు, బరోడాల్లో చదివిన తోట వైకుంఠం చిత్రాల్లోని స్త్రీల ఎరుపూ పసుపూ గది అవతలి నుంచే పిలుస్తాయి. లక్ష్మాగౌడ్ గీత మాత్రం మనల్ని దగ్గరికి రప్పించుకుంటుంది.

రంగుల ఎచింగుకు దారి వేసినవారిలో చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి (1925–2018) ముఖ్యులు. శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ అనే కళాకారుడు నడిపిన అటెలియే 17 అనే అచ్చుల కార్యశాలలో పనిచేశారు. మామూలుగా రంగుకో రేకు కావాలి. అక్కడ ఒకే రేకును వేర్వేరు లోతుల్లో చెక్కి, సిరాల్లో నూనె పాళ్లు మార్చారు. గట్టి రోలరు పైభాగానికి పలుచటి సిరా అద్దుతుంది, మెత్తటి రోలరు పల్లానికి చిక్కటి సిరా అందిస్తుంది. పలుచటి సిరా ఉన్నచోట చిక్కటిది అంటుకోదు. అందుకే రంగులన్నీ ఒక్కసారి నొక్కితేనే పడతాయి.

ఎచింగ్ చూసేటప్పుడు ముందు అంచు గమనించండి. రేకు నొక్కిన పల్లం బొమ్మ చుట్టూ చట్రంలా ఉంటుంది. కింద పెన్సిల్‌తో 5/20 అని ఉంటే ఇరవై ప్రతుల్లో అది ఐదోది. ప్రతిసారీ చేత్తోనే సిరా పెట్టి తుడుస్తారు కాబట్టి ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఇది ఏదో వర్ణచిత్రానికి తీసిన నకలు కాదు, ప్రతి కాగితమూ అసలుదే. ప్రతులు కొన్ని ఉంటాయి గనుక సాధారణంగా అదే కళాకారుడి వర్ణచిత్రం కంటే తక్కువ ధరకే దొరుకుతుంది.

యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కితే మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఎంతో దూరం లేదు. ఈసారి అక్కడ ఎచింగుల ప్రదర్శన పెడితే బొమ్మ దేని గురించని తర్వాత అడగవచ్చు. ముందు ఏ గీతను యాసిడ్ ఎంతసేపు తిన్నదో కళ్లతో కొలవండి.