దీర్ఘాపాంగుని సాక్ష్యము

మృగపక్షులతో మనుష్యులు సంభాషించుట మన వాఙ్మయమున రెండు విధములుగాఁ గానవచ్చుచున్నది. నలోపాఖ్యానమునందలి హంసయు, నీతిచంద్రికలోని కాకమూషికములును మనుష్యభాషనే పలుకును. అచటఁ బ్రాణి తిర్యక్కైనను వాక్కు కవిది. రెండవ విధమున నోరులేని ప్రాణి నోరులేనిదిగనే యుండి తన హృదయమును దెలుపును. ఇందుల కభిజ్ఞానశాకుంతలమునందలి దీర్ఘాపాంగుఁడను లేడిపిల్ల యుత్తమోదాహరణము.

వ్యాకరణమున నీ భేదము స్పష్టము. వ్యక్తవాక్కులు గలవారు కలిసి పలుకునపుడు వద ధాతువునకు ఆత్మనేపదమును బాణిని విధించెను (1-3-48). బ్రాహ్మణులు కలిసి పలికినచో 'సంప్రవదంతే'; కోళ్లు కలిసి కూసినచో 'సంప్రవదంతి' యని కాశికావృత్తి. శాస్త్రము కోళ్లకు వాక్కు లేదనలేదు, వ్యక్తత లేదన్నది. ఆ యవ్యక్తమును గ్రహించు నుపాయ మెట్టిది యనునదియే ప్రశ్న.

నాలుగవ యంకమున శకుంతల యత్తవారింటికిఁ బోవునపుడు లేడిపిల్ల కొంగు పట్టి లాగెను. దర్భ గ్రుచ్చుకొన్న నోటికి ఇంగుదీతైలము రాచి, చామలు పిడికిళ్లతోఁ బెట్టి, యామె పెంచినదియే యది యని కణ్వుఁడు చెప్పెను. ఇందు మంత్రము లేదు, దివ్యదృష్టి లేదు, పెంపకమే కలదు.

ఐదవ యంకమున, ఉంగరము పోయిన పిదప, శకుంతల మఱియొక గుఱుతు చెప్పును. నవమాలికామంటపమునఁ దామరాకు దొప్పలోని నీటిని రాజు దీర్ఘాపాంగునకుఁ జూపెను, అది చేరలేదు. ఆ నీటినే శకుంతల కైకొనఁగా నమ్మి చేరెను. సగంధులయందే యెల్లరకు నమ్మకమని రాజు నవ్వెను.

రాజు వంచకుఁడని లేడి ముందే యెఱిఁగెనని చెప్పుట సొంపుగానుండును గాని గ్రంథవిరుద్ధము. నాఁటికి దుర్వాసుని శాపమే లేదు. రాజు వంచకుఁడును గాఁడు. పరిచయము లేమియే కారణమని శకుంతలయే చెప్పుచున్నది. గంధశబ్దమునకు సంబంధమనియు నర్థము గలదు. రాజు ఆ యర్థమునఁ బరిహసించెను. లేడియెడల వాచ్యార్థమే నిజము. అది యెఱిఁగినది వాసనను, చేతిని.

లోకానుభవము నిట్టిదే. బెర్లిన్ నగరమున ఫాన్ ఓస్టెన్ అను నుపాధ్యాయుని గుఱ్ఱము హాన్స్ అనునది గిట్టతోఁ దట్టి లెక్కలకు సమాధానములు చెప్పుచుండెను. ఫుంగ్స్ట్ అను పరీక్షకుఁడు 1907వ సంవత్సరమున రహస్యమును వెల్లడించెను. ప్రశ్నించువానికి సమాధానము తెలియనిచో గుఱ్ఱమునకును దెలియదు. అతఁడు కంటఁబడనిచో నదియుఁ దడఁబడును. అతఁడే యెఱుఁగని యతని తలయొక్క సూక్ష్మచలనమును అది కనిపెట్టుచుండెను. ఆ గుఱ్ఱము చూచినది మనస్సును గాదు, శరీరమును. ఇది తక్కువ విద్య కాదు.

శకుంతల దుఃఖ మిచటనే యున్నది. ఆమెకు మిగిలిన సాక్షి యవ్యక్తవాక్కు. పెంచినచేతికిఁ దెలిసిన సత్యము రాజసభలోఁ బ్రమాణము గాలేదు. పైఁగా రాజు తిర్యక్కులనే ప్రతిసాక్షులుగా నిలిపి, తన పిల్లల నన్యపక్షులచేఁ బెంచించు కోకిలను జూపి, స్త్రీజాతికి వంచన సహజమనెను. ఒకరు మృగమునందు విశ్వాసమును, ఒకరు పక్షియందుఁ గపటమును జూచిరి.

ఆఱవ యంకమున స్మృతి మరలిన రాజు చిత్రపటమున నింకను వ్రాయఁగోరినవానిలో నొకటి, కృష్ణసారము కొమ్మునకుఁ దన యెడమకన్ను రాచుకొను నాఁడులేడి. వాఁడికొమ్మునకుఁ గన్ను నప్పగించుటకంటె విశ్వాసమునకు వేఱు నిదర్శనము లేదు. సభలోఁ దాను ద్రోసివేసిన సాక్ష్యమునే రాజు కుంచెతో నంగీకరింపఁ దలఁచెను. కాని చెప్పినయామె యపుడు దగ్గఱ లేదు. అభిజ్ఞానమనఁగా నుంగరము మాత్రమే యనుకొనువారు ఈ మూఁడు ఘట్టములను గలిపి చదువుట యుచితము.