ఏమీ జరగని రోజు రాసిన వరుస

ఒడిశాలోని గోపాలపూర్ తీరంలో సాయంత్రం నాలుగింటికి గాలి పీడనం పడుతుంది. తుపాను వస్తోందని కాదు, రోజూ పడుతుంది. ఉదయం పదింటి ప్రాంతంలో ఎక్కి, సాయంత్రం నాలుగింటికి దిగి, రాత్రి పదింటికి మళ్లీ ఎక్కి, తెల్లవారుజామున నాలుగింటికి మళ్లీ దిగుతుంది. సముద్రానికి ఆటుపోట్లు ఉన్నట్టే గాలికీ ఉన్నాయి. ఈ సంగతి తెలియనివాణ్ణి బారోమీటరు ముందు కూర్చోబెడితే రోజూ మధ్యాహ్నం ఊరంతటినీ హడలెత్తిస్తాడు. తెలిసినవాడు ఈ నాలుగింటి అంకెను నిన్నటి నాలుగింటి అంకె పక్కన పెట్టి చూస్తాడు. వాతావరణ శాఖ లెక్కల్లో ‘ఇరవై నాలుగు గంటల మార్పు’కి అంత విలువ ఉన్నది ఇందుకే.

వెబ్‌సైట్లను నడిపే సర్వర్లు రాసుకునే లాగ్‌ల మధ్య రోజంతా గడిపే నాకు ఇంతకన్నా మంచి పాఠం ఎక్కడా దొరకలేదు. వెబ్‌సైటుకూ ఆటుపోట్లు ఉంటాయి. తెల్లవారుజామున మూడింటికి జనం తగ్గుతారు, పొద్దున పదింటికి పోటెత్తుతారు, ఆదివారం తీరే వేరు. పదింటి రద్దీని తెల్లవారుజాము ప్రశాంతతతో పోల్చి కంగారుపడేవాడు లాగ్ చదవడం ఇంకా నేర్చుకోలేదన్నమాట. పోయిన సోమవారం పదింటితో ఈ సోమవారం పదింటిని పోల్చడంతోనే పనితనం మొదలవుతుంది.

అసలు ఈ అర్థంలో లాగ్ అనే మాట సముద్రం మీద పుట్టింది. లాగ్ అంటే దుంగ, కొయ్యముక్క. ఓడ వేగం తెలియడానికి నావికులు తాడు కట్టిన కొయ్యముక్కను నీళ్లలోకి వదిలేవారు. తాడుకి 47 అడుగుల 3 అంగుళాలకు ఒకటి చొప్పున ముడులు. 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు చేతిలోంచి ఎన్ని ముడులు జారితే ఓడది అన్ని ‘నాట్ల’ వేగం. ఆ లెక్క రాసుకునే పుస్తకం లాగ్‌బుక్ అయింది. తుపాను బులెటిన్లలో గాలి వేగాన్ని ఇప్పటికీ నాట్లలో చెబుతున్నారంటే ఆ తాడు ముడులే కారణం. సర్వర్ రాసుకునే దినచర్యకు లాగ్ అని పేరు రావడానికీ మూలం ఆ కొయ్యముక్కే.

ఈ పుస్తకాలను కూర్చుని చదివిన మహానుభావుడు ఒకడున్నాడు. కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్. 1839 నవంబరులో మన కోరింగ రేవును ఊడ్చేసిన తుపాను కాలంలోనే ఆయన బంగాళాఖాతపు ఓడల లాగ్‌బుక్‌లు పోగుచేసి, ఏ ఓడకి ఏ గంటలో గాలి ఏ వైపునుంచి కొట్టిందో పక్కపక్కన పేర్చి చూడడం మొదలుపెట్టాడు. ఒక్కో ఓడకి తన మీదికి వచ్చిన గాలి మాత్రమే తెలుసు. అన్నిటినీ కలిపి చూసినవాడికి సుడి కనిపించింది. 1848లో వెలువడిన పుస్తకంలో దానికి ‘సైక్లోన్’ అని పేరు పెట్టాడు. పది సర్వర్ల లాగ్‌లను ఒకే కాలరేఖ మీదికి తెచ్చి చూసే ఇవాళ్టి ఇంజనీరు చేస్తున్నదీ ఆ పనే.

ఇక గోపాలపూర్ సంగతి. ఒకప్పుడు రంగూన్ ఓడలెక్కే కూలీలతో కిటకిటలాడిన రేవు ఇది. ఈ రేవు ఉన్న గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు రాజధానిలో ఉండేది. ఒడ్డున వల లాగే నోలియా జాలర్ల ఇళ్లలో నేటికీ తెలుగే. ఇక్కడి వాతావరణ కేంద్రాన్ని ప్రపంచం 43049 అనే అంకెతో గుర్తుపడుతుంది. ఉదయం ఎనిమిదిన్నరకి, సాయంత్రం ఐదున్నరకి తీసే రీడింగులు ముఖ్యమైనవి. గ్రీనిచ్ లెక్కలో అవి మూడు గంటలు, పన్నెండు గంటలు. ప్రపంచంలో అందరూ ఒకే గడియారం ప్రకారం రాస్తేనే ఒకరి అంకె ఇంకొకరికి పనికొస్తుంది. సర్వర్ లాగ్‌లో సమయం పక్కన +0530 అని కనిపించేదీ ఈ జాగ్రత్తే. దాన్ని నిర్లక్ష్యం చేస్తే రెండు సర్వర్ల మధ్య ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో తేల్చలేక రాత్రంతా జాగారం చేయాలి.

పాదరసపు బారోమీటరు చదివే తీరు చూస్తే శ్రద్ధ అంటే ఏమిటో తెలుస్తుంది. ముందు దానికి తగిలించిన థర్మామీటరు చూడాలి. ఎందుకంటే ఎదుట నిలబడ్డ మనిషి ఒంటి వేడికి పాదరసం కొంచెం వెచ్చబడుతుంది. పరిశీలించేవాడి ఉనికే పరిశీలనను చెడగొట్టకముందు ఆ అంకె అందుకోవాలి. తర్వాత గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టాలి. వెర్నియర్‌ను దించి, పాదరసపు ఉబ్బెత్తు శిఖరాన్ని అది తాకీ తాకనట్టు ఉన్నప్పుడు, కన్ను సరిగ్గా అదే ఎత్తులో ఉంచి చదవాలి. ఆ పైన వేడికి, ఎత్తుకి, గురుత్వానికి సవరణలు.

రిజిస్టరుకీ నియమాలున్నాయి. తప్పు రాస్తే చెరపకూడదు, దాని మీద ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయాలి. వాన పడకపోతే సున్నా రాయాలి, గడి ఖాళీగా వదలకూడదు. సున్నా అంటే చూశాను, పడలేదు అని. ఖాళీ అంటే చూశానో లేదో తెలియదని. ఈ రెండింటి మధ్య తేడా ఎంతటిదో సర్వర్ల దగ్గర పనిచేసేవాళ్లకి దెబ్బ తగిలాకే తెలుస్తుంది.

ఇప్పుడు సర్వర్ రాసే ఒక వరుసను దగ్గరగా చూద్దాం. పరీక్ష ఫలితాలు పెట్టే సైటు అనుకోండి. అందులో ఒక వరుస ఇలా ఉంటుంది: ‘203.0.113.7, 08:30:14 +0530, గెట్, ఫలితాల పేజీ, 200, 5120, 0.182’. ఎవరు అడిగారు, ఎప్పుడు, ఏం అడిగారు, సర్వర్ ఏమంది, ఎన్ని బైట్లు ఇచ్చింది, ఎంతసేపు పట్టింది. 200 అంటే అంతా సవ్యం. 404 అంటే అలాంటి పేజీ లేదు. 500 అంటే లోపల ఏదో విరిగింది. ఈ పట్టిక ఎవరైనా ఒక్క రోజులో నేర్చుకుంటారు.

నేర్పరి చూసేది చివరి రెండు అంకెలు. రోజూ 5120 బైట్లు ఇచ్చే పేజీ ఇవాళ 312 ఇస్తోంది, కోడ్ మాత్రం 200. అంటే పేజీ తెరుచుకుంది, లోపల మార్కులు లేవు. సర్వర్ తనకు తెలిసినంతలో నిజమే చెప్పింది, పిల్లవాడికి మాత్రం తెల్ల కాగితం కనిపించింది. ఇక చివరి అంకె. 0.182 సెకన్లు 0.4 అయింది, పావుగంటలో 0.9 అయింది. ఇప్పటికి ఒక్క తప్పూ నమోదు కాలేదు, ఒక్క ఫోనూ రాలేదు. కానీ లోపల డేటాబేసు ముందు క్యూ పెరుగుతోంది. పనిమంతుడు లేచేది ఈ 0.9 దగ్గరే. ఇంకా ఆగితే 3 సెకన్లు, 10 సెకన్లు, ఆ పైన 504ల వాన, అంటే లోపలి నుంచి జవాబు సమయానికి రాలేదనే వరుసలు.

504లకు ముందే కొన్ని సర్వర్ల లాగ్‌లో 499 అనే అంకె అక్కడక్కడ కనిపిస్తుంది. ఎంజిన్‌ఎక్స్ అనే సర్వర్ దీన్ని రాస్తుంది. అడిగినవాళ్లు జవాబు వచ్చేదాకా ఆగలేక వెళ్లిపోయారని అర్థం. నన్ను అన్నిటికన్నా కదిలించే అంకె ఇదే. ఎక్కడో ఒక పల్లెలో ఫోను పట్టుకుని కూర్చున్న అమ్మాయి చూసిచూసి పేజీ మూసేసింది. ఫిర్యాదు చేయలేదు, ఎవరికి చేయాలో తెలియదు. ఆమె వచ్చి వెళ్లిన సంగతికి సాక్ష్యం ఆ ఒక్క వరుసే.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది నిశ్శబ్దం. తప్పులు ఆగిపోయాయంటే సైటు బాగుపడిందని సంబరపడతాం. కానీ డిస్కు నిండిపోయి సర్వర్ రాయడం మానేసి ఉండవచ్చు. అంటే గడిలో ఉన్నది సున్నా కాదు, ఖాళీ. అందుకే మంచి వ్యవస్థలో నిమిషానికొకసారి ఒక పలకరింపు పంపి, ‘నేనున్నాను’ అనే వరుస పడుతోందో లేదో చూస్తారు. పాత లాగ్‌లను రోజువారీగా కట్టగట్టి పక్కన పెడతారు. ఇంకొక మర్యాద కూడా ఉంది: పాస్‌వర్డులు, ఆధార్ నంబర్లు లాగ్‌లోకి ఎక్కనివ్వరు. కనిపించిందల్లా రాసేయడం పనితనం కాదు.

మళ్లీ గోపాలపూర్‌కి వద్దాం. 2013 అక్టోబరు 8న అండమాన్ వైపు వాయుగుండంగా మొదలైన ఫైలిన్ తుపాను, 12వ తేదీ రాత్రి పదిన్నర ప్రాంతంలో గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 200 కిలోమీటర్లు మించింది. మామూలు రోజుల్లో 1010 హెక్టోపాస్కల్స్ దరిదాపుల్లో ఉండే పీడనం కేంద్రంలో 940కి పడిందని అంచనా. ముందుగా పట్టుకున్నది ఉపగ్రహాలు, కంప్యూటర్ నమూనాలు, రాడార్లు. అయినా ఆ నమూనాలకు రోజూ తిండి పెట్టేవాటిలో తీరకేంద్రాల రీడింగులూ ఉన్నాయి. తుపాను దగ్గరపడుతుంటే ఈ కేంద్రాలు గంటగంటకీ రాస్తాయి. ఒడిశాలో దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించారు. అక్కడే 1999 సూపర్ సైక్లోన్‌లో పోయిన ప్రాణాలు దాదాపు పదివేలు. ఫైలిన్‌లో పోయినవి పదుల్లో ఆగాయి.

940 ఎంత లోతో తెలిసింది 1010 అని రాసిన వేల మామూలు ఉదయాల వల్ల. ఏమీ జరగని రోజు, ఎవరూ అడగని అంకెను, తప్పు లేకుండా, ఖాళీ వదలకుండా రాసిపెట్టిన చేతులవి. ఆ చేతులను చూస్తే నాకు గౌరవం కలుగుతుంది.

మీ చేతిలో చిన్నదో పెద్దదో ఒక సైటు ఉంటే, రేపు ఏ ఫిర్యాదూ లేని పూట చూసి ఎనిమిదిన్నరకి లాగ్ తెరవండి. ఓ పది నిమిషాలు చదివి, మామూలుగా ఎన్ని బైట్లు, ఎన్ని సెకన్లు పడుతున్నాయో తారీఖు వేసి ఒక కాగితం మీద రాసుకోండి. ఎల్లుండి అదే వేళకి మళ్లీ తెరవండి.