ఒక ఫీజు చట్టంలోని పనితనం

కథకు శిల్పం ఉన్నట్టే చట్టానికీ ఉంటుంది. ఏ నిబంధన ముందు రావాలి, ఏది దాని మీద ఆనుకోవాలి, ఎక్కడ బిగించాలి, ఎక్కడ కాస్త వదులు ఉంచాలి అన్న లెక్క మంచి చట్టం రాసేవాళ్లకు తెలుసు. మనం మాత్రం ఏ చట్టం గురించి మాట్లాడినా ఎవరు తెచ్చారు, ఎవరు అడ్డుపడ్డారు, ఎవరికి లాభం అన్న దగ్గరే ఆగిపోతాం. లోపల ఎలా కట్టారో విప్పి చూడం. అలా విప్పి చూడదగ్గ రెండు చట్టాలు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్నాయి. ఇది రాజధాని నగరం కాదు. వాయవ్య మూలన పసిఫిక్ ఒడ్డునున్న రాష్ట్రం. సియాటిల్, రెడ్‌మండ్, బెల్‌వ్యూ అక్కడివే. మనవాళ్లు వేల సంఖ్యలో ఉద్యోగాలు చేస్తున్న ఊళ్లు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల చదువు మామూలు కుటుంబానికి అందేలా చూడటానికి ఆ రాష్ట్ర శాసనసభ 2015లో ఒకటి, 2019లో ఒకటి చట్టం చేసింది. మొదటిది ఫీజుకు పగ్గం వేసింది. రెండోది కట్టలేనివాళ్ల తరఫున కట్టే బాధ్యత తీసుకుంది.

వీటి అవసరం ఎలా వచ్చిందో ముందు చూడాలి. 2008 మాంద్యంలో రాష్ట్ర ఖజానా ఎండిపోయింది. విశ్వవిద్యాలయాలకు ఇచ్చే సొమ్ములో ప్రభుత్వం భారీగా కోత పెట్టింది. ఆ లోటును విద్యార్థుల ఫీజులతో పూడ్చుకున్నారు. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో 2009 నుంచి నాలుగేళ్లపాటు ట్యూషన్ ఏటా 14, 14, 20, 16 శాతం చొప్పున పెరిగింది. ఒకదాని మీద ఒకటి వేసుకుంటే దాదాపు 80 శాతం. చేరేనాడు వేసుకున్న లెక్క పట్టా చేతికొచ్చేనాటికి చెల్లకుండా పోయింది. 2011లో శాసనసభ ఫీజు నిర్ణయించే అధికారాన్ని కూడా విశ్వవిద్యాలయాలకే వదిలేసింది.

2015లో ఆ అధికారాన్ని వెనక్కు తీసుకున్నారు. అప్పుడు సెనెట్‌లో రిపబ్లికన్లది పైచేయి, ప్రతినిధుల సభలో డెమొక్రాట్లది, గవర్నర్ జే ఇన్‌స్లీ డెమొక్రాట్. బిల్లు పెట్టింది జాన్ బ్రౌన్ అనే రిపబ్లికన్ సెనెటర్. ఫీజులు తగ్గించే పని ఎప్పుడూ ఒకే పక్షానిదని అనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి. మొదటి ఏడాది రాష్ట్ర విద్యార్థుల ట్యూషన్‌లో 5 శాతం కోత. రెండో ఏడాదికి రెండు పెద్ద విశ్వవిద్యాలయాల్లో మొత్తం కోత 15 శాతం, ప్రాంతీయ విశ్వవిద్యాలయాల్లో 20 శాతం. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఏడాది ఫీజు సుమారు 12,400 డాలర్ల నుంచి 10,750కి దిగింది. అమెరికాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఫీజు నిజంగా తగ్గడం అరుదు.

కోత ఒక్కటే అయితే దీన్ని ఇంతగా మెచ్చుకునే పని లేదు. కోత ఒక ఎన్నికల ఏడాదికి పనికొస్తుంది. తర్వాత మళ్లీ పెంచుకోవచ్చు. ఈ చట్టం పనితనమంతా ఆ తర్వాతి వాక్యంలో ఉంది. ఇకమీదట ఏటా ఫీజు పెంచాలంటే, రాష్ట్రంలో గంట కూలి గడిచిన 14 ఏళ్లలో సగటున ఏటా ఎంత శాతం పెరిగిందో అంతకు మించి పెంచకూడదు. కూలి అంటే సగటు కూలి కూడా కాదు, మధ్యస్థ కూలి. పనిచేసే వాళ్లందరినీ సంపాదన ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్య నిలబడే మనిషికి గంటకు వచ్చేది. సాఫ్ట్‌వేర్ జీతాలు ఆకాశాన్నంటే రాష్ట్రంలో సగటు తీసుకుంటే పైన ఉన్న కొద్దిమంది ఆ అంకెను తమ వైపు లాగేస్తారు. మధ్యలో ఉన్న మనిషి కూలిని తీసుకుంటే అలా లాగడం కుదరదు. ఆ లెక్క కట్టేదీ రాష్ట్రం కాదు, ఫెడరల్ కార్మిక గణాంక శాఖ. కాబట్టి అంకెను ఎవరూ తమకు అనుకూలంగా దిద్దుకోలేరు.

ధరల సూచీకి ముడిపెట్టకుండా కూలికి ముడిపెట్టడం నాకు మరీ నచ్చిన సంగతి. ధరలు పెరిగి కూలి పెరగని కాలాలు ఉంటాయి. అప్పుడు ధరల సూచీ ప్రకారం పెంచిన ఫీజు కూడా ఇంటి సంపాదనను ఎక్కువగా తినేస్తుంది. కూలికి కట్టేస్తే, తల్లిదండ్రుల రాబడిలో చదువుకు పోయే వాటా దాదాపు అక్కడే నిలిచి ఉంటుంది. ఇక 14 ఏళ్ల సగటు ఎందుకంటే, ఒక్క ఏడాది కూలి గబుక్కున పెరిగినా పడిపోయినా ఫీజు ఊగిపోదు. ఆ తర్వాత సంవత్సరాల్లో పెంపు రెండు మూడు శాతం దరిదాపుల్లోనే తిరిగింది. ఇరవై శాతం చూసినవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

అయితే ఫీజుకు పగ్గం వేసి, విశ్వవిద్యాలయానికి సొమ్ము ఇవ్వకపోతే ఏమవుతుంది? తరగతులు తగ్గుతాయి, అధ్యాపకుల కుర్చీలు ఖాళీ అవుతాయి, కావలసిన కోర్సులో సీటు దొరక్క నాలుగేళ్ల చదువు అయిదేళ్లవుతుంది. చవకైన ఫీజు చివరికి ఖరీదవుతుంది. అందుకే తగ్గిన రాబడిని ఖజానా నుంచి భర్తీ చేయాలని, తర్వాత ధరల పెరుగుదలను బట్టి ఆ సొమ్మును సవరించాలని అదే చట్టంలో రాశారు. ఒక శాసనసభ రాబోయే శాసనసభ చేతులు కట్టేయలేదన్నది నిజమే. కానీ చట్టంలో రాసి ఉన్నదాన్ని తప్పించుకోవాలంటే అందరూ చూస్తుండగా సవరణ తేవాలి. బడ్జెట్ పద్దులో చప్పుడు లేకుండా అంకె తగ్గించినంత సులువు కాదు.

2019 చట్టం ఇంతకన్నా చిక్కైన పని. వర్క్‌ఫోర్స్ ఎడ్యుకేషన్ ఇన్వెస్ట్‌మెంట్ యాక్ట్ దాని పేరు. బిల్లు తెచ్చింది డ్రూ హాన్సెన్ అనే డెమొక్రాట్ సభ్యుడు. పేద విద్యార్థుల కోసం 1969 నుంచీ ఆ రాష్ట్రంలో స్టేట్ నీడ్ గ్రాంట్ అనే సాయం ఉండేది. దాని జబ్బు మనకు బాగా తెలిసిన జబ్బే: నిధుల లభ్యతను బట్టి ఇవ్వడం. అర్హత ఉందని చెప్పేవారు, డబ్బు అయిపోయిందనీ చెప్పేవారు. అన్ని అర్హతలూ ఉండి ఏటా ఇరవై వేల మందికి అటూ ఇటూగా ఏమీ అందని పరిస్థితి. సాయం అందుతుందో లేదో తెలియని ఇంట్లో అది అందనట్టే లెక్క. ఇంటర్ వయసు పిల్లవాడు కాలేజీకి వెళ్లాలా, పనిలో చేరాలా అని తేల్చుకునేది డబ్బు విడుదలైన రోజున కాదు గదా.

కొత్త చట్టం 2020 విద్యా సంవత్సరం నుంచి దాన్ని వాషింగ్టన్ కాలేజ్ గ్రాంట్‌గా మార్చి, అర్హులందరికీ ఇచ్చి తీరాలని రాసింది. మాట ఇవ్వడం తేలిక. దాన్ని నిలబెట్టే యంత్రాంగం ఎక్కడ పెట్టారన్నదే చూడవలసింది. ఆ రాష్ట్రంలో కేస్‌లోడ్ ఫోర్‌కాస్ట్ కౌన్సిల్ అని ఒక సంస్థ ఉంది. వచ్చే ఏడాది బడుల్లో ఎంతమంది పిల్లలుంటారు, జైళ్లలో ఎంతమంది ఖైదీలుంటారు, ప్రభుత్వ వైద్య సాయం ఎందరికి కావాలి అని ముందే లెక్కగట్టి చెప్పడం దాని పని. ఖైదీ జైలుకొస్తే నిధుల్లేవని వెనక్కు పంపరు. ఆరేళ్ల పిల్ల బడికొస్తే పద్దు అయిపోయిందనరు. ఈ గ్రాంటునూ చట్టం ఆ లెక్కలోకే చేర్చింది. అంతకుముందు బడ్జెట్‌లో ఎంత మిగిలితే అంతమందికి. ఇప్పుడు ఎంతమంది ఉంటారో ముందు లెక్క, ఆ లెక్క వెంట బడ్జెట్. ఈ ఒక్క మార్పు చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. పేపర్లో పతాక శీర్షికకు ఎక్కని వాక్యం అది. చట్టం మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

ఇక్కడ మన సంగతి ఒకమారు తలచుకోవాలి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎన్నో ఇళ్లలో మొదటి ఇంజనీరును తయారు చేసింది. దాన్ని తక్కువ చేయడానికి నాకు నోరు రాదు. కానీ అది జీవోల మీద, విడుదలల మీద నడిచింది. అందుకే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బకాయిలు పేరుకుపోతాయి, యాజమాన్యాలు కాలేజీల బంద్ అంటాయి, ఫీజు రాలేదని విద్యార్థి సర్టిఫికెట్లు ఆపేస్తాయి. ప్రభుత్వం పడ్డ బాకీకి హామీగా పిల్లవాడి పట్టా ఇనప్పెట్టెలో ఉంటుంది. ఎందరు అర్హులో ముందు లెక్కగట్టి, ఆ మేరకు సొమ్ము తప్పనిసరిగా పక్కన పెట్టే నిబంధన చట్టంలో ఉంటే ఈ కష్టంలో చాలా భాగం తప్పేది.

మళ్లీ వాషింగ్టన్‌కు వద్దాం. పాత గ్రాంటులో ఇంకో కీడు ఉండేది. కుటుంబ ఆదాయం రాష్ట్ర మధ్యస్థ ఆదాయంలో 70 శాతం దాకా ఉంటే సగం గ్రాంటు వచ్చేది. ఆ గీత దాటి ఒక్క డాలరు ఎక్కువ సంపాదించినా ఏమీ వచ్చేది కాదు. తల్లి నాలుగు గంటలు అదనంగా పనిచేసినందుకు బిడ్డ వేల డాలర్లు పోగొట్టుకునే పరిస్థితి. కొత్త చట్టం 55 శాతం లోపు వాళ్లకు పూర్తి గ్రాంటు ఇచ్చి, అక్కడి నుంచి మెట్లు మెట్లుగా తగ్గిస్తూ నూరు శాతం దాకా తీసుకెళ్లింది. చివరి మెట్టులో దక్కేది పూర్తి గ్రాంటులో పది శాతమే. చిన్న మొత్తమే అయినా ఆ మెట్టు ఉండటం వల్ల మధ్యతరగతి కుటుంబం కూడా ఈ చట్టం మనదే అనుకుంటుంది. గుర్తింపు ఉన్న అప్రెంటిస్‌షిప్‌లలో చేరి ఎలక్ట్రీషియన్ పని, ప్లంబింగ్ నేర్చుకునేవాళ్లకూ గ్రాంటు వర్తిస్తుంది. చదువంటే నాలుగేళ్ల డిగ్రీ ఒక్కటే అనుకోకపోవడం ఎంతో మంచి పని.

డబ్బు ఎక్కడిది? పందిరి వేసేవాడు గుంజలు పాతాకే తీగ పాకిస్తాడు. ఈ చట్టంలోనూ హామీకి గుంజ పన్నే. 2019 నాటికి ఆ రాష్ట్రంలో వ్యక్తుల ఆదాయం మీద పన్ను లేదు. వ్యాపారాల స్థూల రాబడి మీద బిజినెస్ అండ్ ఆక్యుపేషన్ పన్ను ఉంది. చదువుకున్న ఉద్యోగులు ఎక్కువగా కావలసిన సేవారంగ వ్యాపారాల మీద, ఆ పన్నుకు పైన 20 శాతం సర్‌చార్జి వేశారు. ప్రపంచవ్యాప్త రాబడి 2,500 కోట్ల డాలర్లు దాటిన కంప్యూటర్ కంపెనీలకు మూడో వంతు, 10,000 కోట్లు దాటితే మూడింట రెండు వంతులు. ఒక్కో కంపెనీ కట్టే సర్‌చార్జికి ఏడాదికి 70 లక్షల డాలర్ల గరిష్ఠ పరిమితి. ఇక్కడున్న తర్కం సూటిగా ఉంటుంది: చదువుకున్నవాళ్ల పనితో ఎక్కువ సంపాదించేవాళ్లే ఆ చదువుకు ఎక్కువ పెట్టాలి. మైక్రోసాఫ్ట్ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ 2019 మార్చిలో పత్రికలో వ్యాసం రాసి పెద్ద కంపెనీల మీద ఎక్కువ వేయమని తానే అడిగాడు. ఆ గరిష్ఠ పరిమితి మాత్రం వాటి స్థోమతకు చాలా చిన్నదని నాకనిపిస్తుంది.

వసూలైన సొమ్ము సాధారణ ఖజానాలో కలవకూడదన్నారు. విడి ఖాతాలో పడాలన్నారు. ఆ ఖాతా నుంచి పెట్టే ఖర్చు అప్పటికే ఉన్న నిధులకు అదనంగానే ఉండాలని, వాటి స్థానంలో వాడకూడదని చట్టం రాసింది. ఈ ఎత్తు ఊహించినవాళ్లకు ప్రభుత్వాల నడక బాగా తెలుసు. కొత్త పన్ను పది రూపాయలు తెస్తే పాత కేటాయింపులో పది తగ్గించేసి, చదువుకు ఇంత ఇచ్చామని చెప్పుకునే అలవాటు ఎక్కడైనా ఉన్నదే. ఖర్చును కనిపెట్టడానికి ఒక పర్యవేక్షణ బోర్డునూ ఏర్పాటు చేశారు.

పనితనాన్ని మెచ్చుకునేటప్పుడు దిద్దుబాటునూ చూడాలి. ఏయే సేవలకు సర్‌చార్జి పడుతుందో చెప్పే జాబితా నలభై పైచిలుకు రకాలతో చేంతాడంత ఉండేది. మా వ్యాపారం ఇందులోకి వస్తుందా రాదా అని చిన్న సంస్థలు తలలు పట్టుకున్నాయి. మరుసటి ఏడాదే, 2020 ఫిబ్రవరిలో, శాసనసభ ఆ జాబితాను తీసేసింది. ఏటా పది లక్షల డాలర్ల రాబడి దాటిన సేవా వ్యాపారాలకు పన్ను రేటు 1.75 శాతం చేసింది, ఆ లోపు వాళ్లకు పాత 1.5 శాతమే ఉంచింది. భారీ కంప్యూటర్ కంపెనీలకు విడిగా 1.22 శాతం సర్‌చార్జి, ఏడాదికి కనీసం 40 లక్షల డాలర్లు, గరిష్ఠంగా 90 లక్షలు. రకాన్ని బట్టి కాకుండా పరిమాణాన్ని బట్టి విభజించడంతో చిన్నవాళ్లు ఒక్కసారిగా బయటపడ్డారు. తాము కట్టినదాన్ని ఏడాది తిరగకుండా విప్పి సరిచేసుకోవడానికి ధైర్యం కావాలి. 2025లో ఆ సర్‌చార్జి రేటును, గరిష్ఠ పరిమితిని చాలా పెంచారు; పరిమితి 7.5 కోట్ల డాలర్లకు చేరింది.

లోటు లేదని కాదు. గ్రాంటు ట్యూషన్‌కు సరిపోవచ్చు. సియాటిల్‌లో గది అద్దెకు, తిండికి, బస్సుకు సరిపోదు. నిజానికి అక్కడి పేద విద్యార్థి ఖర్చులో ట్యూషన్ కన్నా బతుకు ఖర్చే ఎక్కువ. ఇంకో అడ్డు దరఖాస్తు. సాయం కావాలంటే ఇంటి ఆదాయ వివరాలతో ఫెడరల్ ఫారం నింపాలి, దేశంలో ఆ ఫారం నింపే విద్యార్థుల శాతంలో వాషింగ్టన్ అట్టడుగు వరసలో ఉంటూ వచ్చింది. పౌరసత్వ పత్రాలు లేని పిల్లల కోసం రాష్ట్రం 2014లోనే చట్టం చేసి విడిగా దరఖాస్తు పెట్టింది. అయినా ఫారం ఫారమే. హామీ ఎంత గట్టిదైనా ఆ కాగితం దగ్గర ఆగిపోయేవాళ్లు ఉంటారు.

ఆ గండి పూడ్చడానికి 2024లో ఇంకో చట్టం వచ్చింది. ప్రభుత్వ ఆహార సాయం పొందే కుటుంబాల పిల్లలు పది, పదకొండు, పన్నెండు తరగతుల్లో ఉండగానే ఆదాయపరంగా గ్రాంటుకు అర్హులైపోతారు. పేదరికం అప్పటికే ఒక శాఖ దగ్గర రుజువై ఉంది, ఇంకో శాఖకు దాన్ని మళ్లీ రుజువు చేయనక్కర్లేదు. డిగ్రీలో చేరకముందే, బడిలో ఉండగానే, నీకు సాయం ఖాయమని విద్యార్థికి చెప్పవచ్చు. పేద విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు కావాలంటే మాత్రం ఆ పాత ఫారం నింపాల్సిందే. దాన్ని మార్చడం రాష్ట్ర శాసనసభ చేతిలో లేదు.