స్క్రూడ్రైవర్ చివర ఒక చెవి

మాండవిలో మా ఉస్తాద్ బానెట్ ఎత్తగానే ముందు చుట్టూ చేరినవాళ్లను నోరు మూసుకొమ్మంటాడు. రోడ్డు మీద ట్రాక్టరు పోతుంటే అది దాటేదాకా ఆగుతాడు. అప్పుడు జానెడు స్క్రూడ్రైవర్ కొనను పంపుకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు అదుముకుని కళ్లు మూసుకుంటాడు. అర నిమిషం తర్వాత లేచి, "పంపుది ఏం లేదు సారూ, టాపెట్ వదులైంది" అంటాడు. అప్పటికే ఇంకెవరో చెప్పారని కొత్త పంపు కొని డిక్కీలో పెట్టుకొచ్చిన పెద్దమనిషి మొహం చూడాలి.

మా వైపు పెట్రోలు పంపు అంటే బంకు. నేను చెప్పేది బండి లోపల ఉండే పంపు గురించి. మాండవి ఉన్న కిన్వట్ తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే కదా, అందుకే ఇక్కడ తెలుగు, మరాఠీ, ఉర్దూ ఒకే షెడ్డులో తిరుగుతాయి. పానా ఒక భాషలో అడిగితే తిట్టు ఇంకో భాషలో వస్తుంది. చెవి మాత్రం అందరికీ ఒకటే. నాందేడ్‌లో, హైదరాబాద్‌లో పెద్ద పెద్ద షెడ్లకు తిరిగినవాణ్ణి నేను. ఇంతటి చెవిని ఇంకెక్కడా చూడలేదు. పక్షపాతం అంటారా, అనండి.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కార్బురేటర్ ఉన్న మారుతి 800 బండ్లలో పంపుకు కరెంటు అక్కర్లేదు. క్యామ్‌షాఫ్ట్ తిరుగుతూ ఒక చేతిని తోస్తుంది. ఆ చేయి లోపలి డయాఫ్రాన్ని లాగుతుంది, స్ప్రింగు దాన్ని వెనక్కి నెడుతుంది, రెండు బుల్లి వాల్వులు పెట్రోలు వెనక్కి పోకుండా కాపలా కాస్తాయి. అంతే యంత్రం. క్యామ్‌షాఫ్ట్ ఇంజిను వేగంలో సగమే తిరుగుతుంది కాబట్టి బండి 800 ఆర్‌పీఎం మీద నిలబడి ఆడుతుంటే పంపు చేయి నిమిషానికి 400 సార్లు ఊగుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక టాపెట్ వదులైనా సరిగ్గా అదే లెక్కలో టక్ టక్ అంటుంది. తాళం ఒకటే అయినప్పుడు మనిషి చెవి మోసపోతుంది. స్క్రూడ్రైవర్ మోసపోదు. పంపు మీద పెడితే గట్టిగా, వాల్వ్ కవర్ మీద పెడితే మెల్లగా వినిపిస్తే దొంగ పంపులోనే ఉన్నట్టు.

పంపే అయితే? చేయి ఆడే పిన్ను అరిగి ఉండొచ్చు. చేతిని క్యామ్‌కు ఆనించి పెట్టే స్ప్రింగు చచ్చి ఉండొచ్చు. అప్పుడు చేయి క్యామ్‌ను వదిలి మళ్లీ వచ్చి కొట్టుకుంటుంది. చాలాసార్లు తప్పు ఇంతకన్నా చిన్నది. పంపు ఊడదీసినవాడు ఇంజినుకూ దానికీ మధ్య పాత మందం ప్యాకింగు బదులు చేతికందింది వేసి బిగించి ఉంటాడు. ప్యాకింగు పలచనైతే చేయి లోపలికి ఎక్కువ చొచ్చి గట్టిగా దెబ్బ తింటుంది. మందమైతే పంపు సగం గుక్కే తాగుతుంది. మా ఉస్తాద్ పాత ప్యాకింగును బొటనవేలు, చూపుడువేలు మధ్య నలిపి చూసి కొత్తది కోస్తాడు. నేనొకసారి పట్టుబట్టి కొలిపిస్తే పాతదానికీ కొత్తదానికీ వెంట్రుకవాసి తేడా కూడా లేదు. ఇంకో మాట. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడనిదే పంపు బిగించడు. డయాఫ్రం చినిగితే పెట్రోలు ఇంజిను ఆయిల్లోకి దిగుతుంది. ఆ వాసన వస్తే శబ్దం సంగతి తర్వాత, ముందు బండి ఆపాలి.

మే నెలలో ఈ ప్రాంతపు ఎండ తెలిసిందే. పంపులో పెట్రోలు ఆవిరైపోయి, బండి ఘాటు మధ్యలో నిలబడుతుంది. తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు ఆగితే మళ్లీ కదులుతుంది. ఈ విద్య పాత అంబాసిడర్ డ్రైవర్లందరికీ తెలుసు.

మారిస్ మైనర్ ముచ్చట చెప్పకపోతే పాపం. దానికి ఎస్.యు. కంపెనీ కరెంటు పంపు. స్కిన్నర్ అన్నదమ్ములు పెట్టిన కంపెనీ, వాళ్ల ఇంటి వ్యాపారం బూట్లు. తాళం తిప్పగానే టిక్ టిక్ మంటుంది, కార్బురేటర్ గిన్నె నిండగానే ఆగిపోతుంది. ఇంజిను తిరగకపోయినా టిక్కు ఆగలేదంటే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా గిన్నెలో సూది సరిగా మూసుకోవడం లేదు. ఇంత నిజాయితీగా మాట్లాడే పంపు మళ్లీ రాలేదు.

2000 ప్రాంతంలో మారుతి 800లో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ ఇంజెక్షన్ వచ్చాక పంపు ట్యాంకులోకి దిగింది. పాత పంపు అర బార్ కూడా దాటని ఒత్తిడితో తోసేది. ఇది రెండున్నర, మూడు బార్లతో తోస్తుంది. తాళం తిప్పితే రెండు క్షణాలు వెనక సీటు కింద సన్నగా మూలిగి ఊరుకోవడం దాని సహజం. ఆ మూలుగు బండి నడుస్తున్నంతసేపూ ముందు సీటుదాకా వస్తేనే అనుమానించాలి. మా ఉస్తాద్ మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ట్యాంకుల పెట్రోల్ ఎంతున్నది?" ఆ మోటారును చల్లబరిచేదీ, దాని గొంతును అణిచేదీ పెట్రోలే. రిజర్వు మీదే బండి తిప్పేవాళ్ల పంపు మూలగక ఏం చేస్తుంది?

ట్యాంకు నింపినా ఆగకపోతే జల్లెడ సంచి, ఫిల్టరు చూడాలి. అవి మూసుకుపోతే పంపు గుటక అందక పెట్రోల్లో బుడగలు పుట్టి పగులుతాయి. అప్పుడు మూలుగులో ఇసుక నమిలినట్టు ఒక గరగర కలుస్తుంది. శబ్దం సన్నబడి, నీరసంగా ఉంటే మీటరు పెట్టి పంపు దగ్గర ఓల్టేజి చూస్తాడు. బ్యాటరీ దగ్గరకన్నా ఒక ఓల్టు తగ్గినా ఎర్త్ తీగనో, తుప్పు పట్టిన కనెక్టరునో పట్టుకుంటాడు. ఈ పని మొదలయ్యే ముందు బ్యాటరీ తీగ ఊడుతుంది, షెడ్డులో బీడీలన్నీ ఆరిపోతాయి.

నా బండి చేసిన శబ్దానికి కారణం ఇవేవీ కాదు. పెట్రోలు పైపును పట్టి ఉంచే క్లిప్పు ఊడి, పైపు బాడీకి తగులుతోంది. పంపు వణుకు మొత్తం రేకులోకి ఎక్కి బండంతా తంబూరా అయింది. రెండు వేళ్ల వెడల్పు రబ్బరు ముక్క చుట్టి క్లిప్పు బిగించాడు. నిశ్శబ్దం! చాయ్ డబ్బులు తీసుకున్నాడు.

దానికి ముందు ఏం జరిగిందో చెప్తే మీకూ ఒళ్లు మండుతుంది. నగరంలో ఒక షెడ్డులో బానెట్ కూడా ఎత్తకుండా "పంపు పోయింది, అసెంబ్లీ మార్చాలె" అన్నారు. మార్చారు. మెరిసే డబ్బా, దాని మీద మెరిసే స్టిక్కరు, లోపల డూప్లికేట్ సరుకు. శబ్దం తగ్గలేదు సరికదా, మూడు నెలలకు పొద్దున బండి స్టార్టవడం మానేసింది. అడిగితే సీటు కింద స్పాంజి కూరి "ఇప్పుడు ఇనొస్తలేదు కదా" అన్నారు. గొంతు నొక్కితే జబ్బు నయమైనట్టా? ఇది మెకానిక్కు పనా? అసలు పంపుకు డిస్ట్రిబ్యూటరు చుట్టూ తిరగాలి, నకిలీ మాత్రం ప్రతి కౌంటరు మీదా నవ్వుతూ కూర్చుంటుంది. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో ఇస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాతకాలపు రబ్బరు పైపులకు, డయాఫ్రాలకు అది పడదు. మంచి రబ్బరుతో చేసిన కిట్టు కావాలి, దొరికేది చవక కిట్టు. పాత బండి ఉన్నవాళ్లకు చేతులెత్తి అడుగుతున్నా: చచ్చిన పాత పంపును తుక్కుకు వేయకండి. దాని పిన్నో, స్ప్రింగో ఇంకో పంపుకు ప్రాణం పోస్తుంది. మా ఉస్తాద్ దగ్గర ఒక నూనె డబ్బా నిండా అలాంటివే ఉన్నాయి.

ఉస్తాద్ దగ్గర పని నేర్చినవాళ్లు ఇద్దరు పుణెకు పోయారు. మిగిలింది ఒక్క కుర్రాడు. మొన్న వాడి చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి, పద్మిని పంపు మీద పెట్టించి, కళ్లు మూసుకొమ్మన్నాడు. వాడు చాలాసేపు విన్నాడు.

"టక్ టక్ కాదు ఉస్తాద్, గుయ్‌మంటున్నది."

"అది నీ జేబుల ఫోను రా. తీసి అవతల వెట్టి, మళ్ల ఇను."