కదలని కొట్టు

మా వీధి చివర పెన్నులూ నోటుబుక్కులూ అమ్మే కొట్టుంది. బోర్డు మీద ఇంగ్లీషులో ‘స్టేషనరీ’ అని రాసి, చివర ‘ఈ ఆర్ వై’ ఉండాల్సిన చోట ‘ఏ ఆర్ వై’ పెట్టారు. అంటే, కదలని కొట్టు! ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాళ్లకి ఇలాంటిది కంటపడితే చెయ్యి ఊరుకోదు. కానీ ఆ పెయింటర్ని నేను వెనకేసుకొస్తాను. పాతకాలం ఇంగ్లండులో వర్తకులు కొందరు ఊరూరా తిరిగి సరుకు అమ్ముకునేవాళ్లు. పుస్తకాలవాళ్లు మాత్రం ఒకచోట కొట్టు పెట్టుకుని కూర్చున్నారు కాబట్టి స్టేషనర్లయ్యారు. లండన్లో వాళ్ల సంఘం 1403 నాటిది. 1557లో రాచపత్రం కూడా దక్కింది. కాగితాల స్టేషనరీ, కదలని స్టేషనరీ ఒకతల్లి బిడ్డలే.

‘ఎన్వలప్‌లో ఈ ఉంది, కాబట్టి కాగితాలదానికీ ఈ’ అనే కిటుకు ప్రతి గైడులోనూ ఉంటుంది. నేను చెప్పను. పరీక్ష దాటగానే ఏ అక్షరం దేనిదో మళ్లీ తడబడతారు.

కలుసుకునే మీట్‌కి రెండు ఈలు, మాంసం మీట్‌కి ఈ, ఏ. ఎందుకని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. ఒకప్పుడవి వేరువేరుగా పలికేవి. ఆ తేడా ఎలాంటిదో మన నోట్లోనే దొరుకుతుంది. ‘మేడ’ అనండి, ‘మేడి’ అనండి. మొదటిదానికి దవడ కాస్త కిందికి జారుతుంది, రెండోదానికి అంత జారదు. మనం రెంటికీ ఒకే ఏత్వం రాసి ఊరుకున్నాం. ఇంగ్లీషువాళ్లు అలాంటి తేడాకి వేర్వేరు అక్షరాలు వాడారు. 1476లో కాక్స్‌టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా గట్టిపడ్డాయి. నోరు మాత్రం ఆగలేదు. ఆ రెండు అచ్చులూ తరతరాలుగా జరిగి జరిగి చివరికి ఒక్కటయ్యాయి. చెవికి తేడా పోయింది, కంటికి మిగిలింది.

అందుకే డిక్టేషన్లో ఒంటిమాట ఇవ్వను, వాక్యం ఇస్తాను. అమెరికాలో మన తెలుగింటి పిల్లలు కప్పులు కొట్టుకొస్తున్న స్పెల్లింగ్ బీ చూడండి. 2013లో గెలిచిన అరవింద్ మహంకాళి లాంటివాళ్లు కూడా అర్థమేమిటి, ఏ భాష నుంచి వచ్చింది అని అడిగి గానీ అక్షరాల్లోకి దిగరు.

ఇంత చెప్పినా, సెలవు చీటీలు ప్రిన్సిపల్‌గారికి బదులు సూత్రానికి వెళుతూనే ఉంటాయి. చివర ‘పీ ఏ ఎల్’ రాయాల్సింది ‘పీ ఎల్ ఈ’ అని రాస్తారు. కంప్యూటర్లో కొట్టినా చాలాసార్లు ఎర్రగీత పడదు. ఆ మాటా డిక్షనరీలో ఉన్నదే మరి.