చింతపండుతో తోమకండి

పాత రాగి నాణెం చేతికొస్తే చాలామంది ముందు చేసే పని చింతపండు పెట్టి తోమడం. తళతళలాడుతుంది, నిజమే. కానీ వందల ఏళ్లు మట్టిలో ఉన్న రాగికి పైపొర ఎప్పుడో చిలుముగా మారిపోయి ఉంటుంది. ముక్కూ మొహమూ అక్షరమూ నిలిచి ఉండేది చాలాసార్లు ఆ చిలుములోనే. పులుపు తగిలితే అదంతా కరిగిపోతుంది.

కుషాణుల రాగి నాణేలంటే నాకు ప్రాణం. బంగారు నాణేల మీద దేవతలు ఇంకా నాజూగ్గా ఉంటారు, కాదనను. అయినా సంతలో చిల్లరగా చేతులు మారింది రాగి. దేవుడి బొమ్మ మామూలు మనిషి గుప్పిట్లోకి వచ్చింది దానితోనే.

కుషాణ రాజు విమ కడ్‌ఫైసిస్ పెద్ద నాణెం దాదాపు 17 గ్రాములు తూగుతుంది. ఒకవైపు రాజు చిన్న అగ్నివేదిక దగ్గర నిలబడి ఆహుతి వేస్తుంటాడు. రెండోవైపు త్రిశూలం పట్టిన శివుడు, వెనక ఎద్దు, చుట్టూ ఖరోష్ఠి లిపిలో రాజు బిరుదులు. కొడుకు కనిష్కుడి కాలానికి రాగి మీద దేవతలు బారులు తీరారు. అందరిలోకీ నాకిష్టం గాలిదేవుడు ఓడో. జుట్టు ఎగురుతుండగా, రెండు చేతులా వస్త్రం అంచులు పట్టుకుని పరుగెడుతుంటాడు. అక్షరాలన్నీ అరిగిపోయినా గాలికి ఉబ్బిన ఆ గుడ్డ చూసి పోల్చుకోవచ్చు.

కనిష్కుడు బౌద్ధుడని చిన్నప్పుడు చదువుకున్నాం. నాణేలు అంత మాట అననివ్వవు. బుద్ధుడున్నవి కొద్ది, ఇరానీ దేవతలవే ఎక్కువ. 1993లో అఫ్గానిస్తాన్‌లోని రబాతక్‌లో బయటపడిన శాసనం కూడా ఆయనకు రాజ్యమిచ్చింది నానా దేవి, తక్కిన దేవతలు అనే చెబుతుంది.

రాగి మీద నిలబడ్డ బుద్ధుడి పక్కన గ్రీకు అక్షరాల్లో ‘శకమనో బౌదో’ అని ఉంటుంది. ఆ అక్షరాలు చెరిగితే చిక్కే. చంద్రదేవుడు మావో కూడా చెయ్యి చాచి నిలబడే ఉంటాడు. బుద్ధుడు మనకేసి చూస్తాడు, మావో పక్కకు తిరిగి ఉంటాడు, భుజాల వెనక నెలవంక. తేడా అంతా గోరంత మేరలో ఉంది. అందుకే నేను డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తటి కుంచెతో వదులు మట్టి మాత్రం తీసి, టార్చి ఏటవాలుగా పట్టి భుజాల దగ్గర వెతుకుతాను.