చేతికి అందించిన గడియారం

అర్ధరాత్రి పన్నెండు దాటాక తీసిన బిల్లు మీద నిన్నటి తేదీ పడుతోందని ఒకసారి మా జట్టుకి ఫిర్యాదు వచ్చింది. పగలంతా వెతికినా తప్పు దొరకలేదు. దొరకదు కూడా. సర్వరు యూటీసీలో నడుస్తుంది, మనం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందున్నాం. మనకి తారీఖు మారాక తెల్లవారుజాము అయిదున్నర దాకా దానికింకా నిన్నే. అదీ మార్చి 31 రాత్రి అయిందంటే బిల్లు ఏకంగా పాత ఆర్థిక సంవత్సరంలో పడుతుంది. దీన్ని కళ్లారా చూడాలంటే ఎవరైనా జాగారం చెయ్యాలి, లేదా అర్ధరాత్రి అయిందని ప్రోగ్రాముని నమ్మించాలి.

నమ్మించడానికి దారి లేకుండా ఉంది కోడు. బిల్లు తయారుచేసే క్లాసు డేటాబేసుని కన్‌స్ట్రక్టర్‌లో అడిగి తీసుకుంటుంది. మెయిలు పంపే వస్తువునీ అడిగే తీసుకుంటుంది. అందుకే టెస్టులో నిజం మెయిలుకి బదులు ఉత్తుత్తి మెయిలు ఇస్తే కిమ్మనకుండా పుచ్చుకుంటుంది. డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటే ఇంతే. పేరు మాత్రం భారీ, 2004 జనవరిలో మార్టిన్ ఫౌలర్ రాసిన వ్యాసంతో స్థిరపడింది. కానీ తేదీ దగ్గరికొచ్చేసరికి ఇదే క్లాసు ఎవరినీ అడక్కుండా, మధ్యలో ఎక్కడో ‘లోకల్‌డేట్.నౌ()’ అని తానే పిలిచేసుకుంటోంది. కాలం కూడా బయటినుంచి తెచ్చుకునే సరుకేనని మాకు తట్టలేదు.

జావా తేదీల లైబ్రరీ చేసినవాళ్లకి తట్టింది. 2014 మార్చిలో జావా 8తో వచ్చిన ఆ లైబ్రరీలో ‘క్లాక్’ అని ఒక చిన్న క్లాసుంది. దాని వెనక ముఖ్యుడు స్టీఫెన్ కోల్‌బోర్న్. అంతకుముందు ఆయనే జోడా-టైమ్ చేశాడు. అందులోనూ కాలాన్ని ఆపే సదుపాయం ఉంది. ‘సెట్‌కరెంట్‌మిల్లిస్‌ఫిక్స్‌డ్’ అని పిలిస్తే చాలు, నడుస్తున్న ప్రోగ్రాం మొత్తానికీ కాలం అక్కడే నిలిచిపోతుంది. ఇంటిల్లిపాదీ చూసే గోడ గడియారం ముల్లు తిప్పడం లాంటిది. ఒక టెస్టు ముల్లు తిప్పి, మళ్లీ సరిచెయ్యడం మరిచిపోతే, తరవాతి టెస్టు తప్పు టైము చూసి పడిపోతుంది. రెండు టెస్టులు ఒకేసారి నడిస్తే ఇక చెప్పక్కర్లేదు. అదే మనిషి రెండోసారి పనికి కూర్చున్నప్పుడు గడియారాన్ని గోడ మీంచి తీసి, కావలసినవాళ్ల చేతికిచ్చే వస్తువుగా మార్చాడు. నాకు ముచ్చటేసేది ఇక్కడే.

ఆ మార్పులో పనితనం ఎంత దూరం వెళ్లిందో చూడాలి. క్లాక్ అనే క్లాసు ఒకటి రాసి పక్కన పెడితే ఎవరూ వాడరు. అందుకని తేదీ, సమయం, క్షణం, సంవత్సరం ఇలా ‘ఇప్పుడు’ అని అడగదగ్గ ప్రతి క్లాసులోనూ నౌ()కి గడియారం పుచ్చుకునే రూపం పెట్టారు. ఎక్కడా చిల్లు లేదు. క్లాక్‌కి ముల్లు తిప్పే మెథడ్ లేదు, ఇచ్చిన గడియారాన్ని పుచ్చుకున్నవాడు పాడుచెయ్యలేడు. దాంతోపాటే రకరకాల గడియారాలు వస్తాయి. ‘ఫిక్స్‌డ్’ ఆగిపోయినది. ‘ఆఫ్‌సెట్’ చెప్పినంత ముందుకో వెనక్కో జరిగినది. ‘టిక్’ సెకను ముక్కలు పారేసి నిండు సెకన్లలో చెప్పేది. పంచాంగం మార్చి ఇస్తే అదే పురోహితుడు వచ్చే ఏటికి కూడా ముహూర్తం పెట్టినట్టు, గడియారం మార్చి ఇస్తే అదే బిల్లు క్లాసు ఏ రోజు బిల్లయినా రాస్తుంది.

గడియారంలోనే ఊరు కూడా ఉండటం మరో సొగసు. క్షణం ఒక్కటే తెలిస్తే తేదీ చెప్పలేం, ఎక్కడి తేదీ అన్నది కూడా తెలియాలి. కాబట్టి మా టెస్టులో 2024 మార్చి 31, యూటీసీ 18:31 దగ్గర ఆగిపోయిన కోల్‌కతా జోన్ గడియారాన్ని ఇచ్చాం. బిల్లు మీద ఏప్రిల్ 1 పడాలి. పడింది. అసలు సర్వరుకి స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్‌లో ఒకే ఒక్క చోట, కోల్‌కతా జోన్‌తో మామూలు సిస్టమ్ గడియారాన్ని బీన్‌గా ప్రకటించాం. కన్‌స్ట్రక్టర్‌లో అడిగిన ప్రతి క్లాసుకీ అదే అందుతుంది. అయిదు నిమిషాలకి చెల్లిపోయే ఓటీపీ టెస్టు అప్పటిదాకా నిజంగానే అయిదు నిమిషాలు నిద్రపోయేది. ఇప్పుడు అయిదు నిమిషాల ఒక సెకను ముందుకి జరిపిన గడియారం ఇస్తే కన్ను మూసి తెరిచేలోగా తేలిపోతుంది.

లోపాలు లేవని కాదు. ఆ జోన్ సొగసే ఒక్కోసారి బరువు: క్షణం తప్ప మరేమీ అక్కర్లేని క్లాసుకి కూడా ఊరిని కట్టబెట్టాలి. 2021లో జావా 17 ‘ఇన్‌స్టంట్‌సోర్స్’ అనే ఇంటర్‌ఫేస్ తెచ్చి దీన్ని సరిదిద్దింది, క్షణం చెప్పే ఒక్క మెథడ్ రాస్తే చాలు. టెస్టు మధ్యలో మనం జరిపితే జరిగే గడియారం జావాలో నేటికీ లేదు, త్రీటెన్-ఎక్స్‌ట్రా అనే తోడు లైబ్రరీలో దొరుకుతుంది. థ్రెడ్.స్లీప్‌కి క్లాక్ సంగతే పట్టదు, దాని నిద్ర దానిదే. ఇక ఖాళీ బ్రాకెట్ల నౌ()ని అలాగే ఉంచడం మీద నాకు రెండు మనసులు. చిన్న ప్రోగ్రాముకి అది హాయి. పెద్ద సర్వరులో మాత్రం హడావిడిగా రాసేవాడి చెయ్యి ముందు దాని మీదికే పోతుంది.

మా కోడులో వెతికితే ఆ రోజు అలాంటి ఖాళీ నౌ()లు చాలానే బయటపడ్డాయి. బిల్లులు, గడువులు, వడ్డీ లెక్కలున్న చోట్లన్నీ మార్చాం. లాగ్ ఫైళ్లలో టైము వేసేవాటిని మాత్రం ముట్టుకోలేదు. వాటికి గోడ గడియారమే కావాలి.